బరంపురంలో రేకుల పని: వెబ్‌సైట్ ఫోన్లో తెరుచుకోవట్లేదు, తెరిచినవాళ్లు నమ్మట్లేదు

రేకులపని_బరంపురం
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నాన్నగారు చాలా ఏళ్లుగా రేకుల షెడ్లు, ఇళ్ల పైకప్పులు వేస్తున్నారు. పని ఎక్కువగా గంజాం, గజపతి జిల్లాల్లో ఉంటుంది. అప్పుడప్పుడు ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు కూడా వెళ్తారు. ఫోన్లు, కొటేషన్లు, బిల్లులు నేను చూసుకుంటాను.

పోయినేడు ఒకరి చేత వెబ్‌సైట్ చేయించాం. ఆఫీసు వైఫైలో బాగానే వస్తుంది. బయట ఫోన్ డేటాలో తెరిస్తే తెల్ల తెర అలాగే ఉండిపోతుంది. గూగుల్ వేగం పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ స్కోరు 100కి 23, ఎల్‌సీపీ (తెర మీద పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) 14 సెకన్లు, పేజీ బరువు 12 ఎంబీ అని చూపిస్తోంది. పైన కదిలే ఫోటోలు ఐదు, ఒక వీడియో, చాట్ డబ్బా, కింద గూగుల్ మ్యాప్ ఉన్నాయి.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతోంది. సైట్ చూసి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదటి మాటగా "మీరు నిజంగా బరంపురంలోనే ఉన్నారా?" అని అడుగుతున్నారు. ఇన్నేళ్లు ఇక్కడే పని చేసిన మనిషిని అలా అడిగితే నాన్నగారు ఫోన్ నాకిచ్చేసి బయటికి వెళ్లిపోతున్నారు. తుఫాన్ల కాలం వచ్చేలోపు ఈ రెండూ సరిచేయాలి. ముందు ఏది పట్టుకోవాలి?

విశాఖ_వెబ్
బరువుతో మొదలుపెట్టండి. పేజ్‌స్పీడ్ మొబైల్ పరీక్ష సెకనుకు సుమారు 1.6 మెగాబిట్ల నెట్ ఉందనుకుని లెక్క కడుతుంది. మీ 12 ఎంబీ అంటే 96 మెగాబిట్లు. ఆ వేగంలో మొత్తం దిగడానికి నిమిషం పడుతుంది. ఇల్లు కారుతున్న మనిషి నిమిషం ఆగడు, వెనక్కి వెళ్లి ఇంకొకరి నంబరు నొక్కుతాడు.

గూగుల్ పెట్టుకున్న హద్దులు మూడు. తెర మీద కనిపించే పెద్ద భాగం, అంటే ఎల్‌సీపీ, 2.5 సెకన్ల లోపు రావాలి. నొక్కిన దానికి స్పందన, అంటే ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. పేజీ కుదుపు, అంటే సీఎల్ఎస్, 0.1 దాటకూడదు. సైట్‌కి వచ్చినవాళ్లలో నూటికి 75 మంది అనుభవం ఈ హద్దుల్లో ఉంటేనే "బాగుంది" అంటుంది. ఐఎన్‌పీ 2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత స్థానంలోకి వచ్చింది. పాత వ్యాసాల్లో ఎఫ్ఐడీ అని కనిపిస్తే వదిలేయండి. 23ని 100 చేయాలని మాత్రం తాపత్రయపడొద్దు. ఆ అంకెను చూసి గూగుల్ ర్యాంకు ఇవ్వదు.

మీ సైట్‌లో మొదట పోవాల్సినవి వీడియో, కదిలే ఫోటోలు. రెండో ఫోటో వచ్చేదాకా ఆగి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఒక్క ఫోటో ఉంచండి, మీ సొంత పనిది. ఫోన్ కెమెరా ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, నాలుగైదు ఎంబీ ఉంటుంది. ఫోన్ తెరకి 1000 పిక్సెళ్ల చుట్టుపక్కల చాలు. దాన్ని వెబ్‌పీ రకంలోకి మారిస్తే సాధారణంగా 100, 150 కేబీకి దిగుతుంది. కళ్లకి తేడా తెలియదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు కొన్ని అన్ని ఫోటోలకీ "లేజీ లోడింగ్" పెట్టేస్తాయి, అంటే తెర దగ్గరికి వచ్చేదాకా ఫోటో దిగదు. కింద ఉన్న ఫోటోలకి అది మంచిదే. పైన మొదట కనిపించే ఫోటోకి పెడితే అది కావాలని ఆలస్యంగా మొదలవుతుంది, ఎల్‌సీపీ పాడవుతుంది. ఆ ఒక్క ఫోటోకి లేజీ తీసేసి, దాన్ని ముందు దించమని చెప్పే ఫెచ్‌ప్రయారిటీ "హై" అని పెట్టమనండి. ప్రతి ఫోటోకి వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాసి ఉండాలి. లేకపోతే ఫోటో దిగగానే కింద ఉన్నదంతా జారుతుంది, కాల్ బటన్ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది.

గుణుపురం_నెట్
మాది రాయగడ జిల్లా గుణుపురం, నెట్ సెంటర్ నడుపుతాను. విశాఖ అన్న చెప్పిన 1.6 మెగాబిట్లు కూడా మా కొండల వైపు కొన్ని ఊళ్లలో సాయంత్రం పూట రాదు. కాబట్టి పరీక్ష ఆఫీసులో చేయొద్దు. తక్కువ ధర ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపి, ఊరి బయట నిలబడి తెరవండి. ఫోన్ పాతదైతే నెట్ బాగున్నా స్క్రిప్టులు, అంటే పేజీలో నడిచే కోడ్, నమలడానికి టైమ్ పడుతుంది. చాట్ డబ్బాలు అక్కడే చంపేస్తాయి.

రేకులపని_బరంపురం
థాంక్యూ విశాఖ అన్నా, గుణుపురం అన్నా. పేజ్‌స్పీడ్‌లో పైన "నిజమైన యూజర్ల డేటా సరిపడా లేదు" అని వస్తోంది. అదేమైనా తప్పా? చాట్ డబ్బా తీసేస్తే కస్టమర్లు పోతారని సైట్ చేసినతను అంటున్నారు.

విశాఖ_వెబ్
తప్పేం కాదు. క్రోమ్ వాడేవాళ్ల నుంచి గూగుల్ 28 రోజుల డేటా కలిపి చూపిస్తుంది. జిల్లా స్థాయి చిన్న సైట్లకి అంత రాకపోకలు ఉండవు. పరీక్ష అంకెలు, మీ ఫోన్లో కళ్లకి కనిపించేది, ఆ రెండింటి మీదే నడవండి.

చాట్ డబ్బాలో ఇప్పటిదాకా ఎంతమంది రాశారో చూడండి. వాళ్లు రాసినప్పుడు జవాబిచ్చే మనిషి ఉన్నారా? లేకపోతే తీసేయండి. వాట్సాప్‌కి మామూలు లింకు చాలు, దానికి స్క్రిప్టు అక్కర్లేదు. ఫోన్ నంబరు కూడా నొక్కితే డయల్ అయ్యే లింకుగా పెట్టండి. చాలా సైట్లలో నంబరుని అందమైన బొమ్మలో కలిపేస్తారు. అది కాపీ అవదు, డయల్ అవదు, బొమ్మ దిగకపోతే కనిపించదు కూడా. మ్యాప్ బదులు మ్యాప్ ఫోటో పెట్టి, నొక్కితే గూగుల్ మ్యాప్స్ తెరుచుకునేలా చేయండి.

మేస్త్రీ_పర్లాకిమిడి
అమ్మా, నాకు ఈ వెబ్ లెక్కలు తెలియవు, మా అబ్బాయి చదివి వినిపించాడు. నేను పర్లాకిమిడిలో రేకుల మేస్త్రీని. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను బరంపురంలోనే ఉన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది, మా గజపతి జిల్లా అంతా దెబ్బతింది. రెండుసార్లూ నేను చూసింది ఒకటే. కరెంటు లేదు, టవర్లు సగం లేవు, ఎక్కడో ఒక మూల సిగ్నల్ ఒక గీత వస్తే జనం అక్కడ గుంపుగా నిలబడి ఫోన్లు చేసుకున్నారు. ఫోన్లో ఛార్జింగ్ కూడా అంతంతమాత్రం.

మీ సైట్ అసలు అవసరం ఆ రోజున. ఫోటో రాకపోయినా ఫోన్ నంబరు రావాలి. అది చేయగలిగితే చేయండి.

విశాఖ_వెబ్
మేస్త్రీ గారు చెప్పినదే మొత్తం డిజైన్‌కి ఆధారం కావాలి. పేజీ మొదటి వరుసల్లోనే, మామూలు అక్షరాల్లో: షాపు పేరు, ఏ ఊరు, ఏ పని, ఫోన్ నంబరు. అది కొన్ని కేబీల్లో అయిపోతుంది. ఫోటోలు, స్టైళ్లు ఆ తర్వాత ఎప్పుడొస్తే అప్పుడు వస్తాయి. స్క్రిప్టు నడిస్తే తప్ప అక్షరాలు కనిపించని సైట్లు వస్తున్నాయి ఈ మధ్య. మీది అలాంటిదేమో చూడాలి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో జావాస్క్రిప్ట్ ఆపేసి తెరవండి. నంబరు కనిపిస్తే సరే.

దిగపహండి_టీచర్
నేను కస్టమర్ వైపు నుంచి చెబుతాను. దిగపహండిలో ఇంటి మీద రెండో అంతస్తు రేకుల కప్పు వేయించుకోవాలని పోయిన ఎండాకాలం చాలా సైట్లు చూశాను. మీ సైట్ కూడా ఆ వెతుకులాటలో చూసి ఉంటాను, పేరు తెలియదు కాబట్టి ఖాయంగా చెప్పలేను.

నాకు అనుమానం వచ్చింది ఫోటోల వల్ల. ఎక్కువ సైట్లలో పై ఫోటోలో విదేశాల ఇళ్లు ఉంటాయి. ఏటవాలు కప్పు మీద చిన్న చిన్న నల్ల పలకలు, ముందు పచ్చిక, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న తెల్లాయన. అలాంటి కప్పు గంజాంలో నేను ఇంతవరకు చూడలేదు. అది చూడగానే వీళ్లు ఇక్కడివాళ్లు కాదు, ఎక్కడో కూర్చుని నంబరు పట్టుకుని ఇంకొకరికి అమ్ముకునేవాళ్లు అనిపిస్తుంది. "మీరు నిజంగా బరంపురంలోనే ఉన్నారా?" అనే ప్రశ్న అక్కడి నుంచే వస్తోందని నా నమ్మకం.

ఇంకో కారణం కూడా ఉంది. తిత్లీ తర్వాత కాశీనగర్ వైపు మా బంధువుల ఊళ్లో ఎక్కడివాళ్లో వచ్చి, రేకులు తెస్తామని అడ్వాన్సులు తీసుకుని మళ్లీ కనిపించలేదు. వాళ్ల చేతిలో రంగురంగుల కార్డులు, వెబ్‌సైట్ అన్నీ ఉన్నాయట. అప్పటి నుంచి మా వాళ్లకి వెబ్‌సైట్ బాగుంటే భయం ఎక్కువైంది. ఇది మీరు తెలుసుకోవాలి. సైట్ మెరిసిపోతే నమ్మకం పెరుగుతుందని అనుకోకండి.

నాకు కావాల్సినవి ఇవి. మా పక్క ఊళ్లో మీరు వేసిన కప్పు, ఊరి పేరుతో. కింది నుంచి తీసిన ఫోటో, ఎందుకంటే వాన కారేది లోపలికే కదా. మీ గోడౌన్ బోర్డు కనిపించే ఫోటో, బోర్డు మీద ఒడియా అక్షరాలతో సహా. పని చేసే మనుషులు. అడ్వాన్సు ఎంత, దేనికి, రసీదు ఇస్తారా. కప్పు కారితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్నాళ్లలో వస్తారు. ఈ చివరిది ఒక్క సైట్‌లో కూడా నాకు కనబడలేదు.

రేకులపని_బరంపురం
టీచర్ గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత ఫోన్ తెచ్చి ఫోటోలు చూపించారు. హింజిలికాటు, ఛత్రపురం, పాత్రపురం, ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ సైట్‌లో లేదు. సైట్ చేసినతను "ఇవి అందంగా లేవు" అని పక్కన పెట్టారట.

మేస్త్రీ_పర్లాకిమిడి
అందంగా ఉండక్కర్లేదమ్మా. స్క్రూలు కనిపించే ఫోటో పెట్టండి. తెలిసినవాడు చూసేది అదే. గాలి కప్పుని కిందికి నొక్కి పడేయదు, పైకి లాగేస్తుంది. ఆ లాగుడు అంచుల్లో, మూలల్లో, రెండు వాలులు కలిసే నడికొప్పు దగ్గర ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి. స్క్రూ కింద ఈపీడీఎం రబ్బరు వాషర్ ఉండాలి, బిగింపు సరిపడా ఉండాలి. మరీ బిగిస్తే వాషర్ నలిగి పక్కకి వస్తుంది, రెండు వానలకి కారుతుంది. సరిగ్గా బిగించిన స్క్రూ, నలిగిన స్క్రూ, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి నాలుగు మాటలు రాయండి. పని తెలిసినవాళ్లని జనం పోల్చుకుంటారు.

పర్లిన్లని (రేకులు బిగించే అడ్డ ఇనుముని) ట్రస్‌కి, అంటే కప్పు మోసే చట్రానికి, ఎలా పట్టించారో కూడా చూపించండి. ఫైలిన్లో రేకులు ఊడటం కన్నా పర్లిన్లతో సహా లేచిపోవడం ఎక్కువ చూశాను.

రాయగడ_హార్డ్‌వేర్
నేను రేకులు అమ్మేవాణ్ని. మేస్త్రీ గారి మాటకి ఒకటి కలుపుతాను. రేకు మందం దగ్గర మోసం ఎక్కువ. 0.50 మి.మీ. అని చెబుతారు, అది రంగు పూత, జింకు పూత అన్నీ కలిపిన మందం. లోపల ఉక్కు మందం అంతకంటే తక్కువే. కొటేషన్లో రెండూ వేరువేరుగా రాయండి. పూత కూడా రాయండి: జింకు పూతైతే 120 గ్రాములదా 275 గ్రాములదా, అల్యూమినియం-జింకు పూతైతే 150 గ్రాములదా. చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి లెక్క అది. సముద్రం దగ్గర ఇళ్లకి పూత పల్చగా ఉన్న రేకు వేస్తే ఉప్పు గాలికి త్వరగా తుప్పు పడుతుంది. గోపాల్‌పూర్ కస్టమర్‌కి ఈ సంగతి మీరే ముందు చెబితే ఆయన ఇంకెక్కడికీ వెళ్లడు. చాలా కంపెనీల రేకుల అడుగున పేరు, మందం, పూత అచ్చు వేసి ఉంటాయి. ఆ అచ్చు ఫోటో సైట్‌లో పెట్టి, "సరుకు దిగినప్పుడు మీరే చదువుకోండి" అని రాయండి.

జీఎస్టీ నంబరు సైట్ అడుగున పెట్టండి. 15 అక్షరాల నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఒడిశాకి 21, ఆంధ్రాకి 37. జీఎస్టీ పోర్టల్లో ఎవరైనా కొట్టి చూసుకోవచ్చు, వ్యాపారం పేరు, స్థితి కనిపిస్తాయి. బరంపురం అని చెప్పుకుని వేరే రాష్ట్రం నంబరు ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఇచ్చాక పట్టుబడతారు.

ఇచ్ఛాపురం పని చేస్తారన్నారు కాబట్టి ఇది కూడా చూసుకోండి. కప్పు వేసే ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే సేవ అక్కడ ఇచ్చినట్టు లెక్క. మీ బిల్లులో ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య వ్యాపారానికి వేసే పన్ను, పడుతుంది. చిన్న వ్యాపారులకి ఉండే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాష్ట్రం దాటి సరఫరా చేయకూడదు. మీ ఆడిటర్‌తో మాట్లాడాకే "ఇచ్ఛాపురం, సోంపేటలో కూడా పని చేస్తాం" అని రాయండి.

ఇచ్ఛాపురం_కుర్రాడు
నేను లోకల్ మార్కెటింగ్ చేస్తాను. ఇంత తిరుగుడు అక్కర్లేదు అక్కా. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో యాభై రివ్యూలు తెచ్చుకోండి, ఒక్కొక్కరికి వంద రూపాయల రీఛార్జ్ ఇస్తే రాసేస్తారు. ఇచ్ఛాపురంలో మా మావయ్య ఇంటి అడ్రస్‌తో ఇంకో ప్రొఫైల్ పెట్టుకుంటే ఇక్కడ కూడా మీరే పైకి వస్తారు.

విశాఖ_వెబ్
తమ్ముడూ, ఆ రెండూ గూగుల్ నిబంధనలకి విరుద్ధం. డబ్బు, రీఛార్జ్, డిస్కౌంట్, ఏది ఇచ్చి రివ్యూ రాయించినా తీసేయగలరు. సంతోషంగా ఉన్నవాళ్లని మాత్రమే ఏరి అడగడం కూడా కుదరదు. మనుషులు లేని అడ్రస్‌తో ప్రొఫైల్ పెడితే సస్పెండ్ అవుతుంది. పేరు పక్కన "బెస్ట్ రూఫింగ్ బరంపురం గంజాం" అని తోకలు తగిలించడం కూడా అంతే. అక్క వాళ్ల నాన్నగారి ఇన్నేళ్ల పేరుని పణంగా పెట్టి ఈ పనులు చేయమని ఎవరూ సలహా ఇవ్వకూడదు.

సరైన దారి ఉంది. గోడౌన్‌కి కస్టమర్లు వస్తారు కాబట్టి అడ్రస్ కనిపించేలా ఉంచి, దానికి తోడు పని చేసే ప్రాంతాలు చేర్చండి. ఇరవై దాకా చేర్చవచ్చు. మీ చోటు నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం దాటకూడదని గూగుల్ చెబుతుంది. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే కాబట్టి హాయిగా వస్తుంది. ప్రాంతం చేర్చినంత మాత్రాన ఇచ్ఛాపురంలో పైన కనబడతారని అనుకోవద్దు. స్థానిక ఫలితాల్లో గూగుల్ చూసేవి మూడు: వెతికినదానికి సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరాన్ని మనం మార్చలేం. మిగతా రెండింటి మీద పని చేయవచ్చు.

ఇచ్ఛాపురం_కుర్రాడు
మా దగ్గర చాలామంది చేస్తున్నారని చెప్పాను. సరే అన్నా, రీఛార్జ్ వద్దు. రివ్యూలు అడగడం మాత్రం ఆపకండి అక్కా. పని అయిన సాయంత్రం, మేస్త్రీలు నిచ్చెన దించుతుండగా అడిగితే రాస్తారు. వారం తర్వాత మెసేజ్ పెడితే రాయరు.

దిగపహండి_టీచర్
నేనైతే మొదటి వాన పడ్డాక అడగమంటాను. అప్పుడు రాసిన రివ్యూకి విలువ ఉంటుంది. "బాగా చేశారు" అని పని రోజున రాసిన యాభై కంటే "మొన్నటి వానకి చుక్క కారలేదు" అని రాసిన ఐదు చూసి నేను ఫోన్ చేస్తాను.

రేకులపని_బరంపురం
రివ్యూల మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. పోయిన నెల ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి "కప్పు కారుతోంది, మోసం" అని రాశారు. నాన్నగారు అది తీయించేయమంటున్నారు. ఆ ఇంటి పని మేమే చేశాం. కానీ వెంటనే ఆయన ఇంకెవరి చేతో నీళ్ల ట్యాంకు స్టాండు బిగించుకున్నారని విన్నాం. టెన్షన్‌గా ఉంది, ఏం రాయాలో తెలియడం లేదు.

మేస్త్రీ_పర్లాకిమిడి
రాయడం తర్వాత. ముందు వెళ్లి కప్పు ఎక్కమనండి నాన్నగారిని. కారేది ఆయన ఇంట్లో, తడిసేది ఆయన మంచం. తప్పెవరిదో పైకెక్కితే తెలుస్తుంది.

విశాఖ_వెబ్
నిజమైన కస్టమర్ రాసిన రివ్యూని కఠినంగా ఉందని గూగుల్ తీయదు. వెళ్లి చూసి వచ్చాక, కోపం లేకుండా నాలుగు వాక్యాలు రాయండి. చూసినది, చేసినది, మీ నంబరు. ఆ జవాబు ఆయన కోసం కాదు, రేపు చదివే వందమంది కోసం.

గుణుపురం_నెట్
ఆయనతో వాదన ఉంటే ఫోన్లో పెట్టుకోండి. రివ్యూ కింద వద్దు.

రేకులపని_బరంపురం
నాన్నగారు వెళ్లారు. స్టాండు కాళ్లకి వేసిన బోల్టుల దగ్గర రేకులో రంధ్రాలు వాషర్ లేకుండా వదిలేశారు. మనవాళ్లే సీల్ చేసి, డబ్బు తీసుకోకుండా వచ్చారు. జవాబు ఇలా రాశాను: "మీరు రాసింది చదివి వచ్చి చూశాం. ట్యాంకు స్టాండు బోల్టుల దగ్గర నీళ్లు దిగుతున్నాయి. సీల్ చేశాం. మళ్లీ తడి కనిపిస్తే ఈ నంబరుకి చేయండి, వస్తాం." ఆయన దాన్ని మూడు స్టార్లు చేశారు, "మోసం" అనే మాట తీసేశారు. నాన్నగారికి మూడు చాలదు. నాకు చాలు.

రాయగడ_హార్డ్‌వేర్
ట్యాంకు, సోలార్, డిష్ ఏది బిగించుకున్నా ముందు మాకు ఫోన్ చేయండి అని బిల్లు మీద అచ్చు వేయించండి.

విశాఖ_వెబ్
దాన్ని సైట్‌లో కూడా పెట్టండి. "కప్పు మీద ఏమైనా బిగించే ముందు" అని ఒక చిన్న పేజీ. దానికోసం వెతికేవాళ్లు ఉంటారు, మీకు ఇంకా కస్టమర్లు కానివాళ్లు కూడా చదువుతారు.

ఇక సర్వర్ సంగతి. మీ సైట్ ఎక్కడుందో చూశాను, అమెరికాలో ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి ఒకసారి వెళ్లి రావడానికే సుమారు పావు సెకను. కనెక్షన్ కుదరడానికి అలాంటి రాకపోకలు కొన్ని కావాలి. మొదటి అక్షరం రాకముందే సెకను అయిపోతుంది. ముంబైలో సర్వర్ ఉన్న హోస్టింగ్‌కి మార్చండి, లేదా క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (సైట్ నకలుని దగ్గరి సర్వర్ల నుంచి ఇచ్చే సేవ) ముందు పెట్టండి. ఉచిత ప్లాన్ మీకు సరిపోతుంది. ఒక జాగ్రత్త: మామూలు సెట్టింగుల్లో అది ఫోటోలు, స్టైళ్ల ఫైళ్లనే దాచుకుంటుంది, అసలు పేజీని దాచుకోదు. మీ పేజీ రోజూ మారేది కాదు కాబట్టి దాన్ని కూడా కాష్ చేసేలా రూల్ పెట్టమనండి. తేడా అక్కడే కనిపిస్తుంది.

రేకులపని_బరంపురం
భాష గురించి అడగాలి. మా కస్టమర్లు తెలుగు, ఒడియా రెండూ. ఇప్పుడు సైట్ ఇంగ్లీషులో ఉంది, పైన అనువాదం బటన్ ఉంది. తెలుగు, ఒడియా ఫాంట్లు పెడితే బరువు పెరుగుతుందంటున్నారు.

విశాఖ_వెబ్
ఫాంట్లు దించనే అక్కర్లేదు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు, ఒడియా అక్షరాలు ముందే ఉంటాయి. ఫోన్లో ఉన్న ఫాంటే వాడమని స్టైల్‌లో రాస్తే సున్నా కేబీ. అందం కోసం వేరే ఫాంటు కావాలంటే శీర్షికకి మాత్రం పెట్టుకోండి, అది దిగేదాకా ఫోన్ ఫాంటుతో అక్షరాలు చూపించే సెట్టింగ్‌తో.

అనువాదం బటన్ తీసేయండి. అది కూడా స్క్రిప్టే, పైగా అది మార్చిన మాటలు వెతుకులాటలో దొరకవు. తెలుగు పేజీకి ఒక అడ్రస్, ఒడియా పేజీకి ఒక అడ్రస్, ఇంగ్లీషుకి ఒకటి. ఇవి ఒకే పేజీకి వేర్వేరు భాషల రూపాలని గూగుల్‌కి చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్‌ గుర్తుతో మూడింటినీ కలపండి. ఒడియా పేజీ మాత్రం ఒడియా ఇంట్లో పుట్టిన మనిషి చేత రాయించండి.

కోడ్‌లో స్కీమా, అంటే వ్యాపారం వివరాలు గూగుల్‌కి అర్థమయ్యేలా రాసే పద్ధతి, కూడా పెట్టించండి. రూఫింగ్ కాంట్రాక్టర్ అనే రకం స్కీమాలో విడిగా ఉంది. పేరు, అడ్రస్, ఫోన్, పని వేళలు, ప్రాంతాలు గూగుల్ ప్రొఫైల్లో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. మీ రివ్యూల స్టార్లు మీరే అందులో రాసుకోవద్దు. సొంత వ్యాపారం గురించి సొంత సైట్‌లో పెట్టుకున్న స్టార్లని గూగుల్ 2019 నుంచి చూపించడం లేదు.

ఇచ్ఛాపురం_కుర్రాడు
రేటు పెట్టాలా వద్దా? చదరపు అడుగు ఇంత అని పెడితే ఫోన్లు బాగా వస్తాయి.

రాయగడ_హార్డ్‌వేర్
వద్దు. ఉక్కు ధర నెల నెలా మారుతుంది. ఈ రోజు పెట్టిన రేటు చూపించి ఆరు నెలల తర్వాత గొడవ పెట్టుకుంటారు.

దిగపహండి_టీచర్
నేను ఒప్పుకోను. రేటు దాచినవాళ్లని చూస్తే నా మొహం చూసి చెబుతారేమో అనిపిస్తుంది. చదరపు అడుగు రేటు వద్దు, సరే. మీరు చేసిన ఒక నిజమైన పని తీసుకుని లెక్క చూపించండి: కప్పు ఎంత కొలత, రేకులకి ఎంత, ఇనుముకి ఎంత, కూలి ఎంత, రవాణా ఎంత, జీఎస్టీ ఎంత, ఏ నెలలో చేశారు. కస్టమర్‌ని అడిగి, పేరు తీసేసి పెట్టండి. దాన్ని చూసి నా ఇంటికి ఎంతవుతుందో నేనే అంచనా వేసుకుంటాను. కొటేషన్ దానికి దగ్గరగా ఉంటే బేరం కూడా ఆడను.

రాయగడ_హార్డ్‌వేర్
నెల రాసి పెడితే నాకు అభ్యంతరం లేదు. మేడం చెప్పిన పద్ధతి బాగుంది, నేనూ మా షాపుకి పెట్టుకుంటాను.

రేకులపని_బరంపురం
ఇప్పటికి జరిగింది చెబుతాను. వీడియో, కదిలే ఫోటోలు, చాట్ డబ్బా, మ్యాప్, అనువాదం బటన్ తీసేశాం. సర్వర్ ముంబైకి మారింది. మొదటి పేజీ 400 కేబీ లోపు వచ్చింది. పరీక్షలో ఎల్‌సీపీ 2.1 సెకన్లు చూపిస్తోంది. పైన ఉన్న ఫోటో హింజిలికాటు బియ్యం మిల్లు షెడ్డు, నాన్నగారు నిచ్చెన పక్కన నిలబడి ఉన్నారు. పన్నెండు ఊళ్ల పనులకి విడివిడిగా చిన్న పేజీలు పెడుతున్నాం. ఒక్కో పేజీలో కింది నుంచి ఒక ఫోటో, స్క్రూల ఫోటో, ఏ రేకు, ఎంత మందం, ఎప్పుడు వేశాం అనేవి ఉంటాయి. ఇంటివాళ్లని అడిగాకే పెడుతున్నాం. ఇద్దరు వద్దన్నారు, వాళ్లవి తీసేశాం.

కప్పు కారితే రెండు రోజుల్లో వస్తాం అని రాయించాను. తుఫాను వచ్చినప్పుడు ఆ మాట నిలబెట్టుకోలేమని నాన్నగారు అన్నారు. అందుకని "తుఫాను తర్వాత ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్లకి ముందు వెళ్తాం, మిగతావాళ్లకి వరుస ప్రకారం" అని ఆయనే చెప్పి రాయించారు.

విశాఖ అన్నా, పాత పేజీల అడ్రస్‌లు మారిపోయాయి. వాటిని ఏం చేయాలి?

విశాఖ_వెబ్
పాత అడ్రస్ ప్రతిదానికీ 301 రీడైరెక్ట్ (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు) పెట్టి, దానికి దగ్గరైన కొత్త పేజీకి పంపండి. అన్నింటినీ మొదటి పేజీకి పంపేయొద్దు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కొత్త సైట్‌మ్యాప్, అంటే పేజీల జాబితా, ఇవ్వండి. కొన్ని వారాలు ర్యాంకు అటూ ఇటూ ఊగుతుంది, కంగారు పడి మళ్లీ మార్చొద్దు. అక్టోబరులో సైట్ జోలికి అసలు వెళ్లకండి.

మేస్త్రీ_పర్లాకిమిడి
నలిగిన వాషర్ ఫోటో మా అబ్బాయి ఫోన్లో ఉంది, పంపిస్తాడు. వాడుకోండమ్మా. నా పేరు వేయక్కర్లేదు.

దిగపహండి_టీచర్
ఇప్పుడే మా ఇంటి వెనక నుంచి, ఒక గీత సిగ్నల్‌తో తెరిచాను. పేరు, నంబరు ముందు వచ్చాయి, ఫోటో తర్వాత వచ్చింది. ఒడియా పేజీలో కాల్ బటన్ మీద మాత్రం ఇంకా ఇంగ్లీషే ఉంది.

రేకులపని_బరంపురం
మార్చాను టీచర్ గారూ, ఇంకోసారి చూడండి. మీ కొలతలు పంపితే నాన్నగారు ఈ ఆదివారం దిగపహండి వస్తామంటున్నారు.